ఫైలు చేరింది సరే, తెలుగు చేరిందా?

కాస్త పొడుగు పోస్టే, ఓపిగ్గా చదవండి.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. మనవాళ్ల ఇళ్లల్లో పాత కంప్యూటర్లు మార్చే పని నడుస్తోంది. హాల్లో తాతగారి విండోస్ డెస్క్‌టాప్, లోపలి గదిలో మనవరాలి మ్యాక్‌బుక్. కొందరిళ్లల్లో లినక్స్ కూడా. "ఇందులోవన్నీ అందులోకి ఎక్కించేస్తే సరిపోతుంది కదా" అంటున్నారు. సరిపోదని నేనంటాను.

ఎక్కించడం పెద్ద పనేం కాదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌ను మ్యాక్ చదువుతుంది గానీ, మామూలుగా అందులో రాయలేదు. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెళ్లి వీడియోలు ఆగిపోయేది అక్కడే. ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే విండోస్, మ్యాక్, ఇప్పటి లినక్స్ మూడింటికీ పనికొస్తుంది. ఫార్మాట్ చేస్తే డ్రైవ్‌లో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందు వాటిని వేరేచోట దాచుకోండి. పెన్‌డ్రైవ్ వద్దనుకుంటే లోకల్‌సెండ్ అనే ఉచిత యాప్ ఉంది. రెండు కంప్యూటర్లూ ఒకే వైఫైలో ఉంటే చాలు, నెట్ కూడా అక్కర్లేదు. వాట్సాప్‌లో పంపేటట్లయితే ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే నాణ్యత తగ్గిపోతుంది.

అసలు చిక్కు తెలుగు ఫైళ్లతో. మన పాత సంచికలు, సభ్యుల జాబితాలు, కొందరు ఓపిగ్గా టైపు చేసుకున్న వంశవృక్షాలు చాలావరకు అను వంటి పాత ఫాంట్లలో ఉన్నాయి. అప్పటికి ఉన్న దారి అదే, తప్పుపట్టేదేం లేదు. కానీ ఆ ఫైల్లో ఉన్నది తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో వేషం ఊడిపోతుంది, ముత్తాత పేరు పిచ్చిగీతలవుతుంది. యూనికోడ్‌లో అలా జరగదు. 'అ'కు 3077 అనే సంఖ్య విండోస్‌లోనైనా, మ్యాక్‌లోనైనా, లినక్స్‌లోనైనా ఒకటే.

"పీడీఎఫ్ చేసేస్తే చాలదా?" అని అడుగుతారు. పేజీ రూపం నిలవడానికి అది చేయాల్సిందే. పేజ్‌మేకర్ సంచికలకైతే, ఆ సాఫ్ట్‌వేరున్న పాత కంప్యూటర్లోనే చేయాలి. అయితే పాత ఫాంటు పీడీఎఫ్‌లో తెలుగులో పేరు కొట్టి వెతికితే దొరకదు. అందుకే యూనికోడ్ ప్రతి కూడా కావాలి. మార్చిపెట్టే కన్వర్టర్లున్నాయి. ఒత్తుల దగ్గర, గుణింతాల దగ్గర అవి తప్పుతుంటాయి, మనిషి కూర్చుని దిద్దాలి.

ఆ మనిషెవరన్నదే ప్రశ్న. తమిళనాడులో 2006 తమిళ అభ్యసన చట్టం తర్వాత మన పిల్లల్లో చాలామందికి బడిలో తెలుగు చదివే వీలు తగ్గిపోయింది. ఇంట్లో మాట ఉంది, లిపి లేదు. కంప్యూటరు తెలిసిన పిల్లకు తెరమీది తెలుగు తప్పో ఒప్పో తెలియదు. చదవగలిగిన తాతకు కంప్యూటరు తెలియదు. పని పూర్తిగా పిల్లలకు వదిలేస్తే ఫైళ్లన్నీ చేరాయంటారు, నిజమే చెబుతారు కూడా. పదేళ్లకు ఎవరో తెరిచి చూస్తే అందులో చదవడానికి ఏమీ ఉండదు. అప్పటికి దిద్దగలిగినవాళ్లు మన మధ్య ఉంటారా?

కాబట్టి నా మాట ఇది. ఈ పని సంఘం నెత్తినేసుకోవాలి. ఆదివారాల్లో రెండు గంటలు కేటాయించి ఒక పెద్దనూ ఒక కుర్రవాణ్ణో అమ్మాయినో పక్కపక్కన కూర్చోబెడదాం. పెద్దవాళ్లు చదువుతారు, పిల్లలు దిద్దుతారు. పిల్లలకు నాలుగక్షరాలు వస్తే అది లాభమే. అంతవరకు పాత కంప్యూటర్ను పాత సామాన్లవాడికి వేయకండి. మార్చిన ఫైళ్లు రెండుచోట్ల ఉంచండి, కొత్త కంప్యూటర్లో తెరిచి కనీసం ఒక పేజీ పైకి చదివించండి.

మీ ఇంట్లో ఏ ఫాంటులో ఏమేం ఉన్నాయో కింద రాయండి. జాబితా కడదాం.