పెరటితోటకు ఎలుకలమందు వలదు

గడచిన పుష్యమాసమున, మన పాఠశాల తోటలో టమాటాలు ఎఱ్ఱబారుచున్న దినములలో, ఎనిమిదవ తరగతి బాలుడొకడు నాయొద్దకు వచ్చి చొక్కాజేబులోనుండి ఒక చిన్న గొట్టమును తీసి నా బల్లపై నుంచెను. అది చూచుటకు పండ్లు తోముకొను పేస్టువలె నున్నది. ఎలుకలమందు! "సార్, రేపటికి ఒక్క ఎలుక కూడ మిగలదు" అని చెప్పుచున్నపుడు వాని ముఖమున ఎంతటి సంతోషమో! సంతదారిలోని దుకాణములో ఇచ్చిరట. ఎవరికి, ఎందులకు అని అడిగినవారు లేరు. వాడు తినుటకు తెచ్చుకొన్న వేరుసెనగపప్పు సైతము ఆ జేబులోనే యున్నది.

ఆ బాలుని నేను దండింపలేదు. తోటమీది మమకారముచేతనే వాడట్లు చేసెను. రెండు నెలలకు పైగా నీళ్లు మోసి పెంచిన టమాటాలలో పండిన ప్రతి పండునకును ఒక ప్రక్క గాటు. బీటురూటు మళ్లలో ఆకులు నిలిచియే యున్నవి, లాగి చూచిన క్రింద గడ్డ లేదు. గెణుసుగడ్డల సాళ్లలో (పుస్తకములలో చిలగడదుంప యందురు, మనకది గెణుసుగడ్డయే) సగము బొరియలే. ఇవన్నియు మధ్యాహ్న భోజనపు సాంబారులోనికి పోవలసినవి. పిల్లలకు కోపము వచ్చుట న్యాయమే. కాని ఎలుకమీది కోపముతో ఇంటికి నిప్పుపెట్టుకొన్న వాని సామెత మనకు ఊరక పుట్టలేదు.

ఆ గొట్టములోనిది పసుపు భాస్వరము. దానికి విరుగుడు లేదు. పొరపాటున తిన్నవానికి మొదట వాంతులగును. తరువాత ఒకటి రెండు దినములు నెమ్మదించినట్లే కనబడును. గండము గడచినదని తలిదండ్రులు ఊరట చెందునంతలో కాలేయము చెడును. నల్లని పొడిగా అమ్ము జింకు ఫాస్ఫైడు కడుపులోని ఆమ్లముతో కలిసి ఫాస్ఫీను అను విషవాయువును పుట్టించును. దానికిని విరుగుడు లేదు. బ్రోమడయొలోను అను మరియొక రకము రక్తమును గడ్డకట్టనీయదు. దీనికి మాత్రము 'కె' విటమిను విరుగుడుగా పనిచేయును. కావున ఎవరైన మందు తిన్నట్లు అనుమానము కలిగినచో, వాంతి కాలేదని ఊరకుండక 108కి చెప్పి, ఆ గొట్టమునో పొట్లమునో చేతబట్టుకొని ఆసుపత్రికి పోవలెను. ఏ మందో తెలియక వైద్యుడేమి చేయగలడు?

నన్ను మిక్కిలి బాధించినది వేరొకటి కలదు. ఆ గొట్టముపైని హెచ్చరిక ఆవగింజలంత అక్షరములలో, ఇంగ్లీషులోను హిందీలోను ఉన్నది. మన బడిలో చదువు బాలునికి, తమిళము ధారాళముగా మాటలాడియు చదువుట అంతంతమాత్రముగా వచ్చు వాని తల్లికి, ఆ హెచ్చరిక ఉన్నను లేనట్లే. సరిహద్దు ప్రాంతములలో అమ్ము విషములకైనను అక్కడి జనులు చదువుకొను భాషలన్నింటిలో నాలుగు మాటలు వేయవలెనని కోరుట పెద్ద కోరికయని నేననుకొనను. అంతవరకు భాషతో పనిలేని గుర్తు ఒకటి కలదు. 1971 నాటి పురుగుమందుల నియమములను బట్టి ప్రతి డబ్బాపైనను మూలపై నిలిపిన చదరమువంటి గుర్తు ఉండవలెను. దాని క్రింది సగమున ఎఱుపున్నచో అత్యంత విషము, పసుపున్నచో దానికి తరువాతిది, ఆపైన నీలము, ఆకుపచ్చ. ఎఱుపు గుర్తుపై కపాలమును ఎముకలును గూడ నుండును. ఆకుపచ్చ యున్నంతమాత్రమున తినదగినదని కాదు సుమా! ఈ పాఠము చెప్పుటకు నాకు రంగు సుద్దముక్కలు నాలుగును, పావుగంట కాలమును పట్టినవి.

"మందు పెట్టనిదే ఎలుక పోవునా?" అని తలిదండ్రులు అడుగుచున్నారు. పెట్టిన మాత్రమున పోవుచున్నదా యని నేనడుగుచున్నాను. జింకు ఫాస్ఫైడు కలిపిన ఎరను కొంచెము తిని బ్రదికిన ఎలుక మరల దాని జోలికి రాదు. ఆడ ఎలుక మూడు వారముల చూలుతో ఆరేడు పిల్లలను, ఒక్కొక్కపుడు అంతకు మించియు ఈనును. ఆ పిల్లలు రెండు మూడు నెలలలోనే ఈనికకు వచ్చును. ఒక ఇంటివారు మందుపెట్టి ఖాళీచేసిన బొరియలోనికి ప్రక్క ఇంటి ఎలుకలు కాపురమునకు వచ్చును. ఇంతలో ఆ మందు తిన్న ఎలుకను తిని పిల్లియో గూబయో చచ్చుటయు కలదు. ఎలుకలను తినువానిని మనమే చంపి, ఎలుకలు పెరిగినవని ఏడ్చుట ఎక్కడి తెలివి? గూబ యింటిపై వ్రాలిన అరిష్టమని రాళ్లు రువ్వుట, విషము లేని జెర్రిపోతును కఱ్ఱతో మోదుట కూడ ఇట్టివే. పెద్ద పొలములలో వ్యవసాయశాఖవారి సలహాతో బొరియలలో మందు పెట్టుటను నేను కాదనను. పిల్లలు చేతులు పెట్టు పెరటిలో మాత్రము వలదనియే నా వాదము.

దొంగ ఎవరో మొదట తెలిసికొనవలెను. బొరియ నోట మట్టి కుప్పగా పోసియున్నచో అది పందికొక్కు. (ఇంగ్లీషువారి 'బ్యాండికూట్' మన పందికొక్కే. మన భాషనుండి పోయిన ఆ పేరు ఆస్ట్రేలియాలోని వేరొక జంతువునకు గూడ తగులుకొన్నది.) దుంపలు తినునది సాధారణముగా ఇదియే. పందిరి ఎక్కి కాయలు కొఱుకునది ఇంటెలుక. గోడవార కీచుమనుచు పోవు, కంపుకొట్టు చుంచెలుక నిరపరాధి. అది బొద్దింకలను పురుగులను తినును గాని కాయకూరల కొఱకు రాదు. తరచుగా దెబ్బలు తినునది మాత్రము పాపము అదియే.

సాయంకాలము బొరియలన్నింటిని మట్టితో మూసి, తెల్లవాఱి ఏవి తెఱచుకొన్నవో చూచిన, ఎలుకలున్నవి ఏవో తెలియును. త్రవ్వినను, బోను పెట్టినను అక్కడనే. ఎలుక క్రొత్త వస్తువును అనుమానించును. కావున బోనును గోడవార మూడు రాత్రులు తలుపు బిగింపకుండ ఉంచి, వేయించిన వేరుసెనగయో కొబ్బరిముక్కయో తిని పోనిచ్చి, నాలుగవ రాత్రి బిగింపవలెను. తమిళనాట ఇరుళరు కుండతో బొరియలోనికి పొగ ఊది ఎలుకలను పట్టుటలో నేర్పరులు. ఆ విద్య తెలిసినవారు దొరికిన పిలిచి, కూలి ఇచ్చి పని చేయించుట మందు కొనుటకంటె మేలు.

దాచక చెప్పవలసినది ఇంకొకటి. మన తోట ఎలుకలను పోషించినది మనమే. వంటయింటి వెనుక పాఱబోసిన అన్నము, ప్రహరివార పేర్చిన విఱిగిన బల్లలు, వాని క్రింది చల్లని నీడ, వీనిని మించి ఎలుకకు ఏమి కావలెను? మొదట అవి తీసివేయించితిమి. నాలుగు ఇండ్లు కలిసియున్న వీధిలోనైనచో ఆ పని నాలుగిండ్లలోను ఒకే దినమున జరుగవలెను.

ఏడవ తరగతి బాలిక యొకతె, "సార్, వినాయకుని వాహనమును చంపవచ్చునా?" అని అడిగెను. బోనుపట్టిన ఎలుకను రోడ్డు అవతలి రైతు పొలములో వదలుట దయ యని నేననలేకపోతిని. అది మన కష్టమును అతనికి పంపుట. చంపుట పెద్దల పని, త్వరగా చేయవలసిన పని, పిల్లలు గుమిగూడి చూడదగినది కాదు అని మాత్రము చెప్పితిని. ఆమెకు తృప్తి కలుగలేదు. నాకును కలుగలేదు.

ఎలుక కొఱికిన కాయను కోసి మిగిలినది వండుకొనుట మానవలెను. దాని మూత్రమువలన లెప్టోస్పైరోసిస్ అను జ్వరము రాగలదు. తడి మళ్లలో కాలిపుండ్లతో, చెప్పులు లేక దిగుటయు ప్రమాదమే.

ఆ బాలుని గొట్టము నా బీరువాలో తాళముక్రింద కొన్ని దినములుండి, తరువాత వాని తండ్రితోగూడ తిరిగి దుకాణమునకు చేరినది. మొన్న శుక్రవారము తోటలో పదునొకండు బొరియలు మూసితిమి. సోమవారమునకు మూడు తెఱచుకొన్నవి. వాని లెక్క ఇపుడు వ్రాయుచున్నది ఆ బాలుడే.