మెరుపు కన్నా పట్టు ముఖ్యం

బెజవాడ బెంజ్ సర్కిల్ మీదుగా పోయే బందరు రోడ్డు ఒక దిక్కున మచిలీపట్నం, ఇంకో దిక్కున హైదరాబాదు చేరుస్తుంది. బందరును ఆనుకొని ఉన్న చిలకలపూడి గిల్టు నగలకు పెట్టింది పేరు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం ఉంది. లోహాన్ని కరిగించకుండా, తొట్టిలో ముంచకుండా పూత వేసే ‘కోల్డ్ స్ప్రే’ పద్ధతి మీద అక్కడ చాలా ఏళ్లుగా కృషి జరుగుతోంది. ఈ రెండు ఊళ్ల నడుమ, బెంజ్ సర్కిల్‌కు దగ్గరలోనే, మన ఆటోనగర్ ఉంది. ఆ కొత్త విద్య ఆటోనగర్ షెడ్లలోకి రావాలని నా వాదన. ఎందుకో చెబుతాను, వినండి.

ఆగి ఉన్న కారు ముందు తళతళలాడే జాలీని గోటితో తట్టి చూడండి. లోహంలా ఖంగుమనదు. చాలా కార్లలో అది ప్లాస్టిక్కే! పైన ఉన్నది పలుచని క్రోమియం పూత. ప్లాస్టిక్ గుండా కరెంటు పోదు కదా, మరి విద్యుత్తుతో పూత ఎలా వేశారు? మామూలుగా ముందు దాన్ని క్రోమిక్ ఆమ్లంలో ముంచి గరుకు చేస్తారు. తరువాత రసాయనాలతో సన్నని లోహపు పొర పట్టించి, ఆపైన విద్యుత్తుతో పూత వేస్తారు. ఆ తొట్టిలోని క్రోమియం క్యాన్సర్ కలిగించే రకం. దాని తుంపరలు పీల్చేది పనివాడు. శుద్ధి చేయకుండా వదిలితే అది చేరేది కాలువలోకి. కృష్ణా డెల్టాలో కాలువ అంటే తాగే నీరు, పండే వరి.

కోల్డ్ స్ప్రేలో తొట్టి లేదు. 1980లలో సోవియట్ యూనియన్‌లోని నోవోసిబిర్స్క్‌లో అనతోలీ పాపిరిన్, ఆయన సహచరులు ధ్వనిని మించిన వేగంతో వీచే గాలిలో లోహపు రేణువులు కలిపి ప్రయోగాలు చేశారు. వేగం చాలకపోతే రేణువులు ఇసుకలా గీరి ఎగిరిపోతాయి. ఒక హద్దు దాటితే అతుక్కుపోతాయి! రాగి రేణువు సెకనుకు 500 మీటర్లు మించిన వేగంతో లోహానికి తగిలితే అప్పడంలా చదునవుతుంది. పైనున్న ఆక్సైడు పొర పగిలి, లోపలి శుద్ధలోహం ఎదుటి లోహాన్ని తాకి బంధం ఏర్పడుతుంది. గాలిని వేడి చేసినా రేణువు మాత్రం కరగదు. అందుకే ఆ పేరు.

ఇక బజారులో దొరకని ఒక పాత బండి భాగాన్ని త్రీడీ ప్రింటరు మీద అచ్చువేశారనుకుందాం. నైలాన్‌లో కార్బన్ నారలు కలిపి, పొర మీద పొర పేర్చి తయారుచేస్తే అది తేలికగా, గట్టిగా ఉంటుంది. కాని రాపిడికి అరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. దానికి లోహపు తొడుగు కావాలి.

ఇక్కడే చిక్కు. గట్టి రేణువులు ప్లాస్టిక్‌ను చెక్కేస్తాయి. అందుకని తగరం వంటి మెత్తని లోహాన్ని ముందు చల్లి, దాని మీద రాగి వంటివి చల్లే మార్గాన్ని శాస్త్రజ్ఞులు పరీక్షిస్తున్నారు. రేణువులు ప్లాస్టిక్ గరుకులో, పగుళ్లలో దిగి చెట్టు వేళ్లలా పట్టుకుంటాయి. లోహం మీద ఉన్నంత పట్టు ఇంకా రాలేదు.

“ఇంత ఖరీదైన యంత్రం మనకెందుకు?” అంటారేమో. పెద్ద యంత్రాలకు నైట్రోజన్, హీలియం కావాలి, నిజమే. కాని చిన్న యంత్రాలు వాతావరణ పీడనానికి అయిదు నుంచి పది రెట్లు నొక్కిన మామూలు గాలితోనే పనిచేస్తాయి. ఆటోనగర్‌కు కంప్రెసర్ కొత్త కాదు కదా!

అలాగని ప్రమాదమే లేదనను. సన్నని లోహపు పొడి ఊపిరితిత్తులకు చేటు. అల్యూమినియం పొడి గాలిలో లేస్తే నిప్పురవ్వకు పేలుతుంది కూడా. మూసిన గది, పొడిని లాగే యంత్రం, ముఖానికి మాస్కు తప్పనిసరి. పైగా ఈ పూత అద్దంలా మెరవదు, గరుకుగా ఉంటుంది. నన్నడిగితే అది లోపం కాదు. పూత వేసేది వస్తువు పనిచేయడానికి. కేవలం మెరుపు కోసం విషపు తొట్టి పెట్టుకోవడం ఏం తెలివి?

ఇకమీదట మెరిసే వస్తువు కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి. లోపల ఉన్నదేమిటి? పూత దాన్ని ఎలా పట్టుకుంది? పూత వేసినచోట ఏం మిగిలింది? ఆటోనగర్‌లో పనితనం ఉంది, బాలాపూర్‌లో శాస్త్రం ఉంది. రేపు ఇంజనీర్లు, మెకానిక్కులు అయ్యే మీరే ఆ రెంటినీ కలపాలి.