కిడ్నీ పోయినంక పింఛను, పోకముందు పరీక్ష ఏది?

షుగరు బలిసినోళ్ల రోగమంట! ఊళ్ల దొర అంటడు, పట్నం డాక్టరు అంటడు, ఆఖరుకు మన సంఘంలో తిరిగే తమ్ముళ్లు కూడా అంటరు. కూసోని తినేటోళ్లకు వస్తది, కాయకష్టం చేసేటోళ్లకు రాదట. అయితే దేవరకొండ చుట్టుపక్కల మా వాడలకు రండి. పత్తి ఏరిన చేతులకు, మట్టి తట్టలు మోసిన నెత్తులకు, బొక్కలు తేలిన ఒళ్లకు షుగరు ఎట్లా వచ్చిందో మీరే చెప్పండి.

జవాబు ఎప్పుడో ఉంది. తిండి లేక ఎండిన ఒంటికి వచ్చే షుగరును ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో ఒక ప్రత్యేక రకంగా రాసుకుంది. 1999లో ఆ పేరు కొట్టేసింది. మళ్లీ 2025లో అంతర్జాతీయ డయాబెటిస్ ఫెడరేషన్ దానికి ‘టైప్ 5’ అని పేరు పెట్టింది. చిన్ననాటి నుంచి ఆకలి తిన్న శరీరంలో ఇన్సులిన్ తయారుచేసే శక్తి తగ్గిపోతుందని దాని అర్థం. ఈ మధ్య కాలంలో ఆకలి పోలేదు, రోగం పోలేదు. రిజిస్టర్ల నుంచి పేరు మాత్రం పోయింది. పేరు కొట్టేస్తే మనిషి కూడా లేనట్టే లెక్క. ఈ లెక్క మన జనానికి కొత్తదా?

2023లో భారత వైద్య పరిశోధన మండలి బయటపెట్టిన సర్వే ప్రకారం ఈ దేశంలో షుగరు ఉన్నోళ్లు 10 కోట్ల 10 లక్షల మంది. వీళ్లంతా కార్లల్ల తిరిగేటోళ్లేనా?

ఒక పిల్ల గురించి చెప్తాం. ఏడో తరగతి. హాస్టల్లో ఉంటది. టైప్ 1 షుగరు, అంటే ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాదు. సూది లేకుంటే బతుకే లేదు. ఆ పిల్ల పొద్దున ప్రార్థనలో రెండుసార్లు కూలబడింది. ఒకరు దయ్యమన్నరు, ఒకరు చదువు ఎగ్గొట్టే నాటకమన్నరు. మేం పంతుళ్లం, మా ఇండ్లల్ల డిగ్రీ చదివిన మొదటి తరం వాళ్లం. మాకు కూడా తెలియలేదు. ఎండకు పడిందేమో అనుకున్నాం. ఈ తప్పు మాది, ఒప్పుకుంటున్నాం.

తర్వాత తెలిసినవాళ్లు చందా వేసి ఒక సెన్సారు కొని తెచ్చిన్రు. పది రూపాయల బిళ్ల కన్న కొంచెం పెద్దగ ఉంటది. జబ్బ వెనక అంటిస్తరు. వెంట్రుక లాంటి సన్నని తీగ ఒకటి చర్మం కిందికి పోతది. అక్కడి కణాల మధ్య ఉండే నీళ్లలో చక్కెర ఎంతుందో రాత్రీ పగలూ కొలిచి ఫోనుకు పంపుతది. మాటిమాటికి వేలు పొడుచుకునే పని తప్పుతది. మేం పెట్టింది 14 రోజులు పనిచేసే రకం.

మూడో రోజుకే సంగతి బయటపడ్డది. హాస్టల్లో సాయంత్రం ఏడు లోపలే బువ్వ అయిపోతది. మళ్లీ పొద్దున దాకా ఏమీ లేదు. రాత్రి రెండు, మూడు గంటల మధ్య పిల్ల షుగరు 60 కిందికి జారుతున్నది. 70 కన్న తగ్గితేనే ప్రమాదం, 54 కన్న తగ్గితే మరీ ప్రమాదం. అందరూ నిద్రపోయే యాళ్లకు ఆ పిల్ల చావు అంచున పడుకుంటున్నది. డాక్టరుకు ఆ గీత చూపిస్తే రాత్రి సూది మోతాదు మార్చిన్రు. పడుకునే ముందు ఒక అరటిపండు, గ్లాసెడు పాలు ఇయ్యమన్నరు. పిల్ల మళ్లీ కూలబడలేదు.

దయ్యాన్ని వెళ్లగొట్టింది మంత్రగాడు కాదు, ఒక లెక్క. పదిహేనో రోజు ఆ లెక్క కూడా ఆగిపోయింది. ఇంకొకటి కొనే పైసలు మా దగ్గర లేవు. “సారూ, మళ్లీ ఎప్పుడు పెడతరు?” అని పిల్ల అడిగింది. మా దగ్గర జవాబు లేదు. జవాబు చెప్పాల్సింది మేం కాదు, సర్కారు.

ధర సంగతి చూడండి. ఒక్క సెన్సారు దగ్గరదగ్గర 5 వేల రూపాయలు. 2025–26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే 14 రోజులు నడిచే బిళ్ల కోసం 16 రోజులు మట్టి తవ్వాలె. తిండి మానేసి తవ్వినా లెక్క తెగదు. ఇక్కడ పిల్ల ప్రాణానికి దొరకని బిళ్లను పట్నంలో ఏ రోగం లేనోళ్లు జబ్బకు అంటించుకుంటున్నరు. పొద్దున ఇడ్లీ తింటే ఎంత పెరిగింది, దోసె తింటే ఎంత పెరిగింది అని సరదాకు చూసుకుంటున్నరు. వాళ్లకు అది ఆట, మనకు ఆయుష్షు.

సర్కారు ఏమీ చేస్తలేదని మేం అనం. ఆశా అక్కలు ఇంటింటికి వచ్చి షుగరు పరీక్ష చేస్తున్నరు. గోలీలు కూడా ఇస్తున్నరు. 2025 సెప్టెంబరులో గ్లూకోమీటర్లు, స్ట్రిప్పుల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించిన్రు. మంచిదే. కానీ ఇన్సులిన్ మీద బతికే మనిషికి ఎప్పుడో ఒకసారి చేసే పరీక్ష దేనికి సరిపోతది? రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలె. స్ట్రిప్పుకు 20 రూపాయలు వేసుకున్నా నెలకు 2,400. ఎవరు పెట్టాలె?

ఇటువంటి మనిషికి కిడ్నీలు పోతే అప్పుడు సర్కారుకు కండ్లు తెరుచుకుంటయి. డయాలసిస్‌కు ఆరోగ్యశ్రీ ఉంది. 2022 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 2,016 రూపాయల పింఛను కూడా పెట్టిన్రు. అవి వద్దని ఎవరంటరు? మేం అడిగేది ఒక్కటే. కిడ్నీ పోయినంక ఇచ్చే పైసలు, పోకుండ కాపాడనీకి ఎందుకు రావు? ఇల్లు కాలినంక బూడిదకు పరిహారం ఇచ్చే సర్కారు, నిప్పు అంటినప్పుడు బిందెడు నీళ్లు ఇయ్యదా?

“చదువురాని కూలోళ్లకు ఫోన్లు, బిళ్లలు ఏం తెలుస్తయి?” అనే పెద్దమనుషులున్నరు. అయ్యా, 2023 జనవరి నుంచి ఉపాధి పనికి పోయిన కూలోళ్లకు ఫోన్లో ఫొటో దిగితేనే హాజరు అని కట్టుదిట్టం చేసిన్రు. రోజుకు రెండు ఫొటోలు. మా చెమట లెక్క తీసుకోనీకి ఫోను పనికొచ్చింది. మా రక్తం లెక్క మాకు చెప్పనీకి పనికిరాదా? అంకెలు వద్దు, ఏ రంగు కనపడితే ఏం చెయ్యాలో ఒక పూట చెప్పండి చాలు. నేర్చుకోకుంటే అప్పుడు అనండి.

మన తమ్ముళ్లకు కూడా ఒక మాట. ఇదంతా కంపెనీల మాయ, ఆకు పసరు చాలు అని మీటింగుల్లో చెప్పేటోళ్లున్నరు. పసరు నమ్మి ఇన్సులిన్ ఆపితే టైప్ 1 పిల్ల కొన్ని రోజుల్లోనే చచ్చిపోతది. కంపెనీ లాభం మీద కొట్లాడుదాం, యంత్రం మీద కాదు. యంత్రాలు వద్దన్న గాంధీ వాదాన్ని బాబాసాహెబ్ 1945లోనే తన పుస్తకంలో ఖండించిండు. ఇన్సులిన్ కనిపెట్టినోళ్లు 1923లో దాని పేటెంటును టొరాంటో యూనివర్సిటీకి తలా ఒక డాలరుకు ఇచ్చేసిన్రు. ప్రాణం పోసే వస్తువు ఎవడి సొత్తూ కావద్దని. ఆ దారి మనది.

బాబాసాహెబ్‌కు కూడా షుగరే. 1948 నుంచి అది ఆయన ఒంటిని తిన్నది. 1954లో నెలల తరబడి మంచం పట్టించింది. కాళ్ల నొప్పులు, మసకబారిన చూపు. ఆయన రోజుల్లో ఇంట్ల రక్తం చూసుకునే యంత్రమే లేదు. మూత్రాన్ని మందు నీళ్లల్ల కాచి, రంగు మారితే షుగరుందని గుర్తుపట్టేది. 1956 డిసెంబరు 6న ఆయన వెళ్లిపోయిండు. ఆయనకు దొరకని పనిముట్టు ఈ రోజు దుకాణాల్లో ఉంది. ఆయన పేరు చెప్పుకునే మనం, దాన్ని మన పిల్లలకు ఇప్పించలేమా?

ఇది కాని పని కాదు. కేరళ సర్కారు 2018లో ‘మిఠాయి’ అనే పథకం మొదలుపెట్టి టైప్ 1 పిల్లలకు ఇన్సులిన్, సెన్సార్లు, పంపుల ఖర్చు భుజాన వేసుకుంది. ఇంగ్లండులో టైప్ 1 ఉన్న వాళ్లందరికీ సెన్సారు ఇయ్యాలని 2022లోనే మార్గదర్శకాలు మార్చిన్రు. మరి 2017లో తెలంగాణ అసెంబ్లీ పాస్ చేసిన ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం దేనికుంది? మన వాటా నిధిలో మన పిల్లల ప్రాణానికి చోటు లేదా?

అందుకే ఇవి అడుగుతున్నాం:

1. టైప్ 1 షుగరు ఉన్న ప్రతి పిల్లకు, పిలగానికి సెన్సార్లు ఏడాది పొడుగునా ఉచితంగా ఇయ్యాలె.

2. ఇన్సులిన్ తీసుకునే పెద్దలకు గ్లూకోమీటరు, నెలకు 100 స్ట్రిప్పులు పీహెచ్‌సీ నుంచి ఇయ్యాలె. షుగరు అదుపు తప్పినోళ్లకు డాక్టరు చూసి 14 రోజుల సెన్సారు పెట్టాలె.

3. హాస్టళ్లల్ల, గురుకులాల్ల ఇన్సులిన్‌కు ఫ్రిజ్, షుగరు పిల్లలకు రాత్రి తిండి, పంతుళ్లకు, వార్డెన్లకు శిక్షణ ఉండాలె. క్లాసులో, పరీక్ష హాల్లో షుగరు చూసుకోనియ్యాలని, ఇన్సులిన్, తినుబండారాలు దగ్గర ఉంచుకోనియ్యాలని బాలల హక్కుల జాతీయ కమిషన్ 2023లోనే రాష్ట్రాలకు రాసింది. దాన్ని అమలుచెయ్యాలె.

4. చందంపేట, నేరేడుగొమ్ము తండాల నుంచి దేవరకొండకు వచ్చిపోతేనే ఒక రోజు కూలి పోతది. పరీక్షలు, మందులు తండాకే రావాలె.

అవి వచ్చేదాక మనం చెయ్యాల్సినవి కూడా ఉన్నయి. ఇన్సులిన్ వాడే మనిషికి చెమటలు పట్టి, వణుకు పుట్టి, మాట తడబడితే తాగిండనుకోకండి. తెలివి ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్లల్ల కలిపి తాపండి. పావుగంట ఆగి మళ్లీ చూడండి. తెలివి లేకుంటే నోట్ల ఏమీ పొయ్యకండి, 108కి ఫోను చెయ్యండి. ఫ్రిజ్ లేని ఇంట్ల ఇన్సులిన్‌ను కవర్ల పెట్టి తడి ఇసుకలో కూర్చిన కుండలో పెట్టండి. సెన్సారు ఉన్నోళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోండి. అది రక్తం కన్న కొన్ని నిమిషాలు వెనక నడుస్తది. అంకె ఒకటి, ఒళ్లు ఇంకొకటి చెప్తే వేలు పొడిచి చూసుకోండి.

అక్షరం మన చెవిన పడొద్దని వేల ఏండ్లు కాపలా కాసిన్రు. కొట్లాడి చదువుకున్నాం. ఇప్పుడు మన రక్తాన్ని మనం చదువుకునే హక్కు అడుగుతున్నాం. ఫ్లోరైడు నీళ్లకు మన బొక్కలు వంగినప్పుడు కూడా ఎవరూ అడగకుండ మంచినీళ్లు తెచ్చియ్యలేదు. ప్రతి వాడలో, ప్రతి తండాలో ఇన్సులిన్ వాడేటోళ్ల పేర్లు రాయండి. ఆ లిస్టు పట్టుకొని మండల ఆఫీసు ముందు కూసుందాం. రిజిస్టర్ల నుంచి కొట్టేసిన పేర్లను మన చేతులతోనే రాద్దాం.

జై భీమ్!