వసారా వేసే ముందు

పల్నాడు ప్రాంతం నుండి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. చీటీ డబ్బు చేతికి వచ్చిందట. పక్షవాతం వచ్చిన మామయ్యగారు రోజంతా గోడకేసి చూస్తూ పడుకోకుండా, వీధిలో వచ్చేపోయే వారితో మాట్లాడుతూ కూర్చునేందుకు ఇంటి ముందు పదడుగుల వసారా వేయించాలని ఆమె కోరిక. మేస్త్రి రెండడుగుల పునాది చాలంటున్నాడట. నిజమేనా అని అడిగారు.

చాలదమ్మా. మీది నల్లరేగడి నేల.

1998లో మేమూ రెండడుగులే తవ్వించాం. మేస్త్రి కొత్త గోడను పాత గోడలోకి చొప్పించి కలిపేశాడు. రెండో వేసవికి ఆ అతుకు దగ్గర రూపాయి బిళ్ళ దూరేంత పగులు! సిమెంటు పూయించాం. మళ్ళీ వేసవికి మళ్ళీ తెరుచుకుంది. చివరికి విప్పించక తప్పలేదు. మా అత్తయ్య ఆ వసారాలో కూర్చున్నది రెండేళ్ళే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పైనున్న కట్టడాన్ని ఏటా ఎత్తి దించుతుందన్నమాట. బండ మీద ఇల్లు కట్టిన బుద్ధిమంతుని సంగతి మనకు తెలిసిందే గానీ, మీ ఊళ్ళో బండ తగలాలంటే ఎంత లోతు తవ్వాలో! అందుకని నేల కదలని లోతు చూసుకోవాలి. నడివేసవిలో పొలంలో పడిన నెరియల్లోకి సన్నని ఊచ దించి చూడండి. పునాది అడుగు ఆ నెరియల కంటే కిందికి ఉండాలి. సాధారణంగా ఐదడుగులకు తక్కువ పనికిరాదు.

ఇక్కడే ఒక చిక్కుంది. పాత ఇంటి పునాది మూడడుగులే అయితే, దాని పక్కనే ఐదడుగుల కందకం పొడవునా తీస్తే పాత గోడ కింద మన్ను జారుతుంది. కాబట్టి ఇంటి వైపు గోడ వద్దు. పాత గోడకు కాస్త ఎడంగా స్తంభాలు నిలిపి, వాటికి విడివిడిగా గుంటలు తీయించండి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వారు ఇలాంటి నేలలకు ఒక పద్ధతిని రూపొందించారు. సన్నని గుంటను సుమారు పన్నెండడుగుల లోతు తొలిచి, అడుగున రెండున్నర రెట్లు వెడల్పు చేసి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. పైన స్తంభాలన్నిటినీ బీముతో కలుపుతారు. దీనికి ఇంజనీరు సలహా తప్పనిసరి. ఆ ఖర్చుకు వెనుకాడవద్దు.

తవ్విన నల్లమట్టినే మళ్ళీ పూడ్చనివ్వకండి. ఇసుక గాని, గ్రావెల్ గాని పోయించండి. కొత్తదానికీ పాతదానికీ మధ్య అంగుళం సందు వదలండి. ఆ సందులో వాననీరు దిగకుండా పైన రేకు కప్పితే చాలు. చుట్టూ మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా గచ్చు చేయించండి. పెరిగే వేపచెట్టు దగ్గరలో ఉంటే అటు వైపు జరగకండి. అది వేసవిలో నేలలోని తేమను పీల్చేస్తుంది.

కాంక్రీటును కనీసం పది రోజులు తడపాలి, ఎండాకాలమైతే రెండు వారాలు. ఈ పని మేస్త్రిది కాదు, ఇంటివారిదే.

మరొక్క మాట, మామయ్యగారి కోసం. వసారా నేల, ఇంటి నేల ఒకే మట్టాన ఉండాలి, మధ్యలో గడప వద్దు. వీధిలోకి మెట్లకు బదులు వాలుబాట కావాలంటే, అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు పడుతుంది. స్థలం ఉందో లేదో ముగ్గు పోసేటప్పుడే కొలుచుకోండి.

డబ్బు చాలకపోతే పైకప్పుకు రేకులు వేయండి, గచ్చు వచ్చే ఏడు చేయించండి. పునాది లోతు మాత్రం తగ్గించవద్దు. గుంట పూడ్చే ముందు మీరే దగ్గరుండి టేపుతో కొలిపించండి.