గేటు దగ్గర నిషేధం, గోడ మీద ఆహ్వానం

‘ఎ’ సర్టిఫికెట్ సినిమాకు పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను రానివ్వకూడదు. రానిస్తే 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద హాలువాళ్లకు శిక్ష. టికెట్ చింపేచోట అంత కట్టుదిట్టం. అదే సినిమా వాల్‌పోస్టర్ మాత్రం తెల్లారేసరికి హైస్కూలు ప్రహరీ మీద ఉంటుంది. లోపల రెండున్నర గంటల్లో ఎక్కడో ఒకచోట వచ్చే దృశ్యాన్ని ఏరి, నిలువెత్తున అచ్చువేసి, బడికెళ్లే దారిలో ఉచితంగా చూపిస్తారు. సర్టిఫికెట్ గుర్తు ఏ మూలనో శనగగింజంత ఉంటుంది.

ఈ పోస్టర్ బతుకు ఎలా సాగుతుందో చూడండి. తెల్లవారుజామున సైకిల్‌కు మైదా జిగురు బకెట్ తగిలించుకుని ఒక కుర్రాడు వస్తాడు. ‘ఇచ్చట పోస్టర్లు అంటించరాదు’ అని రాసిన చోటే గోడ నున్నగా ఉంటుంది కాబట్టి అక్కడే అంటిస్తాడు. బడి వేళకు మగపిల్లలు దాని ముందు చేరి ఒకరినొకరు పొడుచుకుంటూ నవ్వుతారు. ఎవడో బొగ్గుముక్కతో ఆ బొమ్మ పక్కన తమ క్లాసు అమ్మాయి పేరు రాస్తాడు. ఆ పిల్ల సాయంత్రం దాకా తలెత్తదు. మర్నాటి నుంచి రోడ్డుకు అవతలి పక్కగా, మురిక్కాలవ వెంట నడుస్తుంది. డ్రిల్లు మాస్టారు చూస్తారు, కూరగాయల సంచీతో వెళ్లే మనమూ చూస్తాం. ఎవరమూ ఆగం. నాలుగు రోజులకు జిగురు రుచి మరిగిన మేకలు వచ్చి దాన్ని పీకి నమిలేస్తాయి. ఊళ్లో ఆ బాధ్యత నెత్తిన వేసుకున్నవి అవే అనుకోవాలి.

చట్టం లేక కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక చట్టం చేసుకుంది. బహిరంగ ప్రదేశాలు వికృతం కాకుండా చూడటం, అశ్లీల, అభ్యంతరకర పోస్టర్లనూ ప్రకటనలనూ నిషేధించడం, ఈ రెండు మాటలూ దాని పేరులోనే ఉన్నాయి. రాష్ట్రం విడిపోయాక తెలంగాణలోనూ అది కొనసాగింది. అయితే ఆ చట్టం సంగతి మన చెవిన పడేదెప్పుడు? ఏ నాయకుణ్నో వెక్కిరిస్తూ రాత్రికి రాత్రి పోస్టర్లు వెలిసినప్పుడు. అప్పుడు పోలీసులకు సెక్షన్లు గుర్తొస్తాయి, సీసీ కెమెరాలు పనిచేస్తాయి, ప్రింటింగ్ ప్రెస్ ఎక్కడుందో ఇట్టే తెలిసిపోతుంది. నాయకుడి ముఖానికి దొరికిన రక్షణ ఆరో తరగతి పిల్లకు ఎందుకు దొరకదు? పోలీసుల్ని మాత్రమే అడిగి లాభం లేదు. నాయకుడి తరఫున ఫిర్యాదు చేసేవాళ్లున్నారు. పిల్ల తరఫున స్టేషన్ మెట్లెక్కినవాళ్లు మనలో ఎందరు?

అలాగని కనబడిందల్లా తగలబెట్టమనడం లేదు. పత్రికల్లో వచ్చే బొమ్మలు పిల్లల కంట పడుతున్నాయంటూ అజయ్ గోస్వామి అనే న్యాయవాది వేసిన కేసులో సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెబుతూ, పెద్దలు చదివేదాన్ని పిల్లలకు తగినంత మేరకే కుదించలేమంది. నాకది సబబుగానే తోస్తుంది. హాలులో ఏం ఆడాలో వీధి పంచాయితీ తేల్చనక్కర్లేదు. ఈ పనిని సంస్కృతి రక్షకుల చేతిలో పెట్టారా, నెల తిరక్కుండా పార్కులో కూర్చున్న జంటల మీద పడతారు. నా పేచీ చోటుతోనే. పత్రిక మనం కొంటేనే ఇంట్లోకి వస్తుంది, వద్దనుకుంటే మడిచి అటక మీద పడేయొచ్చు. గోడను మడవలేం.

2014లో అవీక్ సర్కార్ కేసు తీర్పు మరో మెట్టు ఎక్కింది. టెన్నిస్ ఆటగాడు బోరిస్ బెకర్, ఆయనకు కాబోయే భార్య బట్టల్లేకుండా ఉన్న ఫొటోను ఒక పత్రిక వేసిందని మొదలైన వ్యాజ్యం అది. బ్రిటిష్ కాలపు కొలబద్దను సుప్రీంకోర్టు అందులో పక్కనపెట్టి, ఏది అశ్లీలమో సమకాలీన సమాజ ప్రమాణాలను బట్టి చూడాలంది. ఆ లెక్కన మన ఊరి పోస్టర్లు చాలావరకు గట్టెక్కుతాయి. అశ్లీలం కాకపోవచ్చు, అయినా బడి గోడ మీద ఉండదగ్గది కాకపోవచ్చు. ఈ రెంటి మధ్య ఖాళీని పూడ్చాల్సింది సమాజమే. మనం ముఖం తిప్పుకుని నడిచిపోయినన్నాళ్లూ అదే మన ప్రమాణమని లెక్క.

ఫోన్లో లేనిదా గోడ మీద ఉన్నది, అంటారు. ఉంది, ఇంతకు వెయ్యి రెట్లుంది. కానీ ఫోన్లో దొంగచాటుగా చూసే పిల్లాడికి అది తప్పేమోనన్న బెరుకన్నా ఉంటుంది. నడిబజారులో, మాస్టారూ సర్పంచీ తిరిగే దారిలో, గుడి మైకు వినబడేంత దూరంలో ఉన్నదానికి ఊరంతా ఒప్పుకున్నట్టే వాడికి అర్థమవుతుంది. ఆడమనిషి ఒళ్లు గోడకెక్కించి అమ్ముకోవచ్చని వాడికి మనమే నేర్పుతున్నాం.

ఈ గొడవ మనతో మొదలవలేదు. 1960లో వినోబా భావే ఇండోర్‌లో మకాం ఉన్నప్పుడు వీధుల్లోని అశోభనీయ పోస్టర్ల మీద ఉద్యమం లేవదీశారు. 1970లలో హైదరాబాద్‌లో ఉస్మానియా విద్యార్థినులు ముందుండి నడిపిన పీఓడబ్ల్యూ అనే మహిళా సంఘం కట్నం, ఈవ్ టీజింగ్‌లతో పాటు అశ్లీల పోస్టర్ల మీదా వీధికెక్కింది. ఒకరు గాంధీ శిష్యుడు, వీళ్లు వామపక్షపు ఆడపిల్లలు. ఆయనది శీలం గురించిన దిగులు, వీళ్లది స్త్రీని సరుకు చేసినందుకు కోపం. దారులు కలవకపోయినా ఇద్దరూ ఒకే గోడ ముందు నిలబడ్డారు. ఇవాళ మనకు ఏ దారీ లేకపోయింది.

అందుకే అడుగుతున్నాను. రెండు ఫ్రీ పాసులకు కొట్టు పక్కగోడ ఇచ్చే అయ్యా, ఆ గోడ ముందునుంచే మీ మనవరాలూ నడుస్తుంది. హాలు యజమానులారా, బడి చుట్టుపక్కల పేరూ ఆటల వేళలూ ఉన్న ఉత్త పోస్టర్ వేస్తే కలెక్షన్లు పడిపోవు. హెడ్మాస్టరు గారూ, పదో తరగతి ఫలితాల ఫ్లెక్సీ కట్టినంత శ్రద్ధగా ప్రహరీ చుట్టూ ఉదయాన్నే ఓ చుట్టు తిరగండి. వార్డు మెంబరు దగ్గరికి ఒక్కరు వెళ్తే నవ్వి పంపేస్తారు, పది మంది తల్లులు కలిసి వెళ్లండి. ఫిర్యాదులో మాత్రం జిగురు బకెట్ కుర్రాణ్ని ఇరికించకండి, వాడు కూలికి వచ్చినవాడు. పోస్టర్ అడుగున హాలు పేరు పెద్దక్షరాల్లో అచ్చేసే ఉంటుంది. మేకలు రాకముందే ఫొటో తీసి అర్జీకి జతచేయండి.