నవ్వు మిగిలింది, నాన్న పోయాడు

రీల్స్‌లో పాత అమెరికన్ టీవీ క్లిప్పులు చూసే అలవాటుందా? అయితే ఈ కుర్రాణ్ని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. సన్నగా, పొడుగ్గా పుల్లలా ఉంటాడు. నెత్తిన టోపీ. కళ్లు పెద్దవి చేసి, నోరంతా తెరిచి ‘డై-నో-మైట్!’ అని అరుస్తాడు. స్టూడియోలో జనం ఒకటే చప్పట్లు. క్లిప్పు అయిపోతుంది. మీ వేలు పైకి జరుగుతుంది.

ఆ కుర్రాడి పేరు జేజే. వేసింది జిమ్మీ వాకర్. సీరియల్ పేరు ‘గుడ్ టైమ్స్’. 1974 ఫిబ్రవరి నుంచి 1979 ఆగస్టు దాకా సీబీఎస్ చానల్లో వచ్చింది. మొత్తం ఆరు సీజన్లు, 133 ఎపిసోడ్లు. డీవీడీ సెట్లుగా కూడా వచ్చాయి. పది సెకన్ల క్లిప్పులో చూస్తే ఇదో పిచ్చి కామెడీ. డిస్కులు వరసపెట్టి చూస్తే మాత్రం గుండె పట్టేస్తుంది. ఎందుకంటే ఇందులో రెండు కథలు నడుస్తాయి. ఒకటి తెర మీద, ఇంకోటి తెర వెనక.

ముందు తెర మీది కథ. షికాగోలో పేదల కోసం సర్కారు కట్టిన ఎత్తయిన అపార్ట్‌మెంట్లు. అందులో 17సి నంబరు ఇల్లు. అమ్మ ఫ్లోరిడా, నాన్న జేమ్స్, ముగ్గురు పిల్లలు. జేజే బొమ్మలేస్తాడు. థెల్మా తెలివైన పిల్ల. చిన్నోడు మైకేల్‌కి అన్యాయం కనపడితే చాలు, ఉపన్యాసం మొదలు. పక్కింటి విలోనా తలుపు తోసుకుని వచ్చేస్తుంటుంది. టైటిల్స్‌లో చూపించే భవనాలు షికాగోలోని కబ్రీని-గ్రీన్ కాలనీవి. సీరియల్ సృష్టికర్తల్లో ఒకడైన ఎరిక్ మాంటే పెరిగింది అక్కడే. అంటే ఆ ఇరుకు, ఆ అద్దె బాధ విని రాసినవి కావు.

ఇక్కడ ఒక మంచి సంగతి. మొదట అనుకున్న కథలో నాన్న పాత్రే లేదు. అమ్మ ఒక్కతే పిల్లల్ని పెంచుతుందని అనుకున్నారు. ఫ్లోరిడాగా వేసిన ఎస్తర్ రోల్ ఒప్పుకోలేదు. ఇంట్లో తండ్రి ఉండాల్సిందే, లేకపోతే నేను చెయ్యనంది. నల్లజాతి కుటుంబమంటే తండ్రి లేని ఇల్లేనన్న ముద్రని ఆవిడ టీవీలో మళ్లీ వెయ్యనివ్వలేదు. అలా జాన్ ఏమోస్ వచ్చాడు. తమాషా ఏంటంటే, తెర మీద కొడుకైన వాకర్ కంటే ఈ నాన్న పెద్దవాడు సుమారు ఏడున్నరేళ్లే! అయినా ఆ గొంతు, ఆ నడక చూస్తే అనుమానమే రాదు.

మొదటి రెండు సీజన్లు చూడండి. మొట్టమొదట ప్రసారమైన ఎపిసోడ్‌లోనే జేమ్స్ ఉద్యోగ శిక్షణకి వెళ్తే, వయసు దాటిపోయిందని వెనక్కి పంపిస్తారు. ఒక ఎపిసోడ్‌లో మైకేల్ ఐక్యూ పరీక్షని తిప్పికొడతాడు. ఆ ప్రశ్నలు తెల్లవాళ్ల ఇళ్లలో పెరిగిన పిల్లలకే సరిపోతాయని వాడి వాదన. ఇంకోదాంట్లో ఇంటికి భోజనానికొచ్చిన ముసలావిడ కుక్కల తిండి తిని బతుకుతోందేమోనని వీళ్లకి అనుమానం వస్తుంది. జోకులు పడుతూనే ఉంటాయి. కానీ నవ్వు సగంలో గొంతులో ఆగిపోతుంది.

ఇక తెర వెనక కథ. జేజే ఊతపదం పేలింది. జనం దానికోసమే టీవీ పెట్టడం మొదలెట్టారు. ఎపిసోడ్ ఎపిసోడ్‌కీ జేజే గంతులు పెరిగాయి, మిగతా పిల్లల కథలు తగ్గాయి. రోల్ ఊరుకోలేదు. పద్దెనిమిదేళ్లొచ్చినా పనీపాటా లేదు, వీణ్ని చూసి పిల్లలేం నేర్చుకుంటారని 1975లో ‘ఎబొనీ’ పత్రికతో బాహాటంగానే అంది. ఏమోస్ కూడా స్క్రిప్టుల మీద రచయితలతో గొడవపడేవాడు. నల్లవాళ్ల ఇల్లు ఎలా ఉంటుందో తెలియనివాళ్లు రాస్తున్నారని ఆయన బాధ. మూడో సీజన్ అయ్యాక ఆయన్ని తీసేశారు.

1976 సెప్టెంబర్. నాలుగో సీజన్ మొదలు. నాన్నకి మిసిసిపీలో మంచి పని దొరికింది. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, అందరూ సంబరంగా ఉన్నారు. అప్పుడొస్తుంది టెలిగ్రామ్. కారు ప్రమాదంలో జేమ్స్ పోయాడు. రెండు భాగాల ఈ కథలో ఫ్లోరిడా చాలాసేపు ఏడవదు. వచ్చినవాళ్లందరికీ మర్యాదలు చేస్తుంది. అందరూ వెళ్లాక గాజు గిన్నె నేలకేసి కొడుతుంది. ఒకే తిట్టు మూడుసార్లు అరుస్తుంది. అంతే. ఏ ఇంటికి తండ్రి కావాలని రోల్ పట్టుబట్టిందో, ఆ ఇంట్లోనే తండ్రి పోయినందుకు ఏడ్చే సీను ఆవిడే చెయ్యాల్సొచ్చింది. ఈ సంగతి తెలిసి చూస్తే ఆ అరుపు వేరేలా వినిపిస్తుంది.

ఆ సీజన్ అయ్యాక ఆవిడా వెళ్లిపోయింది. ఆరో సీజన్‌కి తిరిగొచ్చింది. మధ్యలో ఐదో సీజన్ పూర్తిగా దండగేం కాదు. కన్నతల్లి చేతిలో ఇస్త్రీపెట్టె వాతలు తిన్న పెన్నీ అనే చిన్నపిల్ల వస్తుంది. ఆ పిల్ల ఎవరనుకున్నారు? జానెట్ జాక్సన్! అప్పటికి పదకొండేళ్లు. ఆ ఎపిసోడ్లు వదలకండి.

ఏమోస్ ఏమయ్యాడంటారా? తీసేసిన మరుసటి ఏడాదే, 1977లో, ‘రూట్స్’లో పెద్దయిన కుంటా కింటేగా కనిపించి దేశాన్నంతా టీవీల ముందు కూర్చోబెట్టాడు. జేజే గీసినవని చూపించిన బొమ్మలు నిజానికి ఎర్నీ బార్న్స్ అనే చిత్రకారుడివి. టైటిల్స్‌లో కనిపించే ఆయన బొమ్మ ‘ది షుగర్ షాక్’ 2022 వేలంలో కోటిన్నర డాలర్లు దాటింది. కబ్రీని-గ్రీన్ ఎత్తు భవనాల్లో చివరిదాన్ని 2011లో కూల్చేశారు. రోల్ 1998లో పోయింది, ఏమోస్ 2024లో.

అన్నీ చూసే ఓపిక లేకపోతే మొదటి మూడు సీజన్లు, నాలుగోదాంట్లో మొదటి రెండు ఎపిసోడ్లు చాలు. వరస మాత్రం తప్పొద్దు. ఊతపదం ఒక్కో ఎపిసోడ్‌లో ఎన్నిసార్లొస్తోందో, నాన్న మాటలు ఎన్నున్నాయో గమనిస్తూ చూడండి. ఒకటి పెరుగుతుంటే రెండోది ఎలా సన్నబడుతుందో మీకే తెలుస్తుంది. ఫోన్‌కి క్లిప్పు ఒక్కటే చేరింది. దానికోసం ఆ ఇల్లు ఏం పోగొట్టుకుందో డిస్కుల్లో ఉంది.