భవానీ ద్వీపము

సుమత్రాలోని తోబా సరస్సు నడుమ వెలసి, దేశదేశముల యాత్రికుల నాకర్షించుచున్న సమోసిర్ ద్వీపము అగ్నిపర్వత సంభవము. సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము ఆ పర్వతము బ్రద్దలైనపుడు ఎగసిన బూడిద సముద్రము దాటి వచ్చి, మన బనగానపల్లె చేరువనున్న జ్వాలాపురమున పొరలుగా నేటికిని నిలిచి యున్నది. (పేరు కాకతాళీయమే కావచ్చును గాని, ఎంత సార్థకము!) మన బెజవాడ భవానీ ద్వీపమునకు అట్టి ప్రతాప మేమియు లేదు, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణవేణి మేటవేసిన మెత్తని మన్నే దాని జన్మకారణము. 2009లోను, 2019లోను, మరల 2024లోను వరదనీరు దానిని ముంచెత్తినది. కావున పర్యాటకశాఖవారు అచ్చట సిమెంటు కట్టడములను పెంచుటకంటె, ఒడ్డును పట్టి నిలుపు వృక్షములను పెంచవలయునని మా మనవి.